మేనరికం - కోడలిపై నింద

లేపాక్షి సీమలో మేనమామకో, మేనబావకో పిల్లనిచ్చే ఆచారం తరతరాలుగా ఉన్నది. ముస్లిం కుటుంబాలలో అన్నదమ్ముల బిడ్డల మధ్య కూడా వివాహాలు జరుగుతున్నవి. ఆస్తి చీలదు, ఆడబిడ్డ దూరం కాదు అను ఉద్దేశం మంచిదే. అయితే ఆ ఇంట పసిబిడ్డలు వరుసగా అంటురోగాలతో కన్నుమూసినచో నింద కోడలిపై పడుచున్నది. ఇది అన్యాయం.

రోగనిరోధక శక్తికి ఆధారమైన జన్యువులలో ఏ.డి.ఏ. ఒకటి. అందు లోపమున్నచో విషపదార్థాలు పేరుకొని, రోగాలతో పోరాడు తెల్లకణాలు నశించును. ఈ సంగతి 1972లో వెల్లడైనది. తల్లి నుండి, తండ్రి నుండి కూడా లోపం సంక్రమించిననే వ్యాధి కలుగును. ఇరువురూ లోపవాహకులైనచో ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు ప్రమాదం. రక్తసంబంధీకులలో ఇట్టి కలయికకు అవకాశం హెచ్చు. కనుక నిందకు తావెక్కడ?

ఆంధ్రప్రదేశ్ మేనరికాలపై ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్ గారలు 1963లోనే పరిశోధన ప్రకటించారు. ఆ జ్ఞానం నేటికీ మన ముంగిళ్లకు చేరవలసియున్నది.

ఆచారాన్ని దూషించుట నా ఉద్దేశం కాదు. శిశుమరణాలు సంభవించిన కుటుంబాలు సంబంధం నిశ్చయించుకొనక మునుపే జన్యువైద్యుల సలహా పొందవలెను. హైదరాబాదు నిమ్స్‌లో అట్టి విభాగం కలదు. ముందే గుర్తించిన బిడ్డను మజ్జ మార్పిడితో బ్రతికించు అవకాశమున్నది. కళాశాల కమిటీవారు ఏటా ఈ విషయమై ఉర్దూ, తెలుగు భాషలలో ఉపన్యాసం ఏర్పాటు చేయుదురుగాక!