శిలపై తప్పిన పేరు



వంశచరిత్రము వ్రాయబూనినవారు తండ్రి, తాత, ముత్తాత యని వరుసగా మెట్లెక్కుదురు. ఆ పురుషులను గన్న తల్లుల పేరేమని యడిగినచో మౌనము వహింతురు. ఈ లోపము మనదేశమునకే పరిమితము గాదు. అమెరికావారి పూర్వులలో నొక సాధ్వి కథయే యిందుకు సాక్ష్యము.

1620వ సంవత్సరమున మేఫ్లవరు అను నోడపై 102 మంది ప్రయాణికులు ఇంగ్లండునుండి బయలుదేరి అమెరికా తీరము జేరి, ప్లిమత్తున నివాస మేర్పరచుకొనిరి. వారిలో సుమారు సగముమంది మొదటి శీతకాలము గడచులోపలనే మరణించిరి. జాన్ హౌలండు అను యువకుడు ఆ వలసకు మొదటి గవర్నరైన కార్వరునొద్ద సేవకుడు. దారిలో తుపానునందు సముద్రమున బడియు, ఓడనుండి వ్రేలాడుచున్న త్రాటిని బట్టుకొని బ్రతికెను. ఎలిజబెత్ టిల్లీ యను పదుమూడేండ్ల బాలిక తల్లిదండ్రులతో వచ్చి, ఆ శీతకాలముననే యిరువురను గోల్పోయెను. తరువాత నామె హౌలండును వివాహమాడి పదిమంది బిడ్డలను గనెను.

కాలక్రమమున నామె కార్వరు గవర్నరు కుమార్తె యను మాట వంశమున బుట్టి ప్రబలెను. దిక్కులేని పిల్ల సంతతి మనుటకంటె గవర్నరు దౌహిత్రుల మనుట యెవరికి రుచింపదు? పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున ప్లిమత్తు శ్మశానమున నిలిపిన శిలపై నామాటయే చెక్కించిరి. శిలాక్షరమును శంకించువా రెవ్వరు?

కాని కార్వరు పిమ్మట గవర్నరైన విలియం బ్రాడ్‌ఫర్డు తనతో వచ్చినవారి పట్టికను స్వహస్తమున వ్రాసియుంచెను. బోస్టనునందు భద్రపరుపబడిన యా గ్రంథము స్వాతంత్ర్యయుద్ధకాలమున గానరాక పోయి, 1855లో లండను బిషపు గ్రంథాలయమున బయటపడెను. హౌలండు భార్య జాన్ టిల్లీ కుమార్తె యని యందు స్పష్టముగా నున్నది! శిల చెప్పినది కల్ల. కాగితము చెప్పినది నిజము. ఆ గ్రంథము 1897లో స్వస్థానమైన మసాచుసెట్సుకు మరలివచ్చెను.

అయినను ఆ పట్టికయందు ఎలిజబెత్తు తల్లి పేరు లేదు. జాన్ టిల్లీ, అతని భార్య, వారి కుమార్తె యని మాత్రమే కలదు. సముద్రము దాటివచ్చి పరదేశపు మంటిలో గలసిన యా యిల్లాలికి పేరే లేకపోయెను. మూడు శతాబ్దములు దాటినపిమ్మట పరిశోధకులు ఇంగ్లండున బెడ్‌ఫర్డుషైరులోని హెన్లో గ్రామపు చర్చి పుస్తకములు పరిశీలించి యామె పేరు జోన్ అనియు, పుట్టినింటి పేరు హర్‌స్టు అనియు దెలిసికొనిరి. ఆమె వివాహము 1596లోను, ఎలిజబెత్తు జ్ఞానస్నానము 1607లోను నందు నమోదై యున్నవి.

స్త్రీల జాడలు మరణశాసనములందును దొరకును. 1686లో వ్రాయించిన శాసనమున ఎలిజబెత్తు తన కుమార్తె ఎలిజబెత్ డికెన్సనునకు ఒక జత పక్కదుప్పట్లును, ఒక పెట్టెయు నొసగెను. వస్తువు లల్పములే, కాని యే బిడ్డ యే యింటికి కోడలైనదో యా మాటయే చెప్పుచున్నది. 1897లో నేర్పడిన మేఫ్లవరు సంతతివారి సంఘము సైతము తరతరమునకును ఇట్టి వ్రాతపూర్వకమైన నిదర్శనము లడుగునే గాని, ఇంటి పెద్దలు చెప్పిరన్నచో నంగీకరింపదు.

మనయందును పెండ్లితో ఆడుదాని యింటిపేరు మారును. రెండుతరములు గడచునప్పటికి పుట్టినింటి పేరు మఱుగుపడును. కావున సోదరీమణులారా, మీ తల్లి, అమ్మమ్మ, నాయనమ్మ, వారి తల్లులు — వీరి పేర్లను, పుట్టినింటి పేర్లను, గ్రామములను పెద్దలు జీవించియుండగనే యడిగి వ్రాసికొనుడు. కంట జూచిన కాగితమునుండి తెలిసినది వేఱుగను, చెవిని విన్నది వేఱుగను వ్రాయుడు. గొప్పకొఱకు లేనిమాట చేర్పకుడు. మీ మనుమరాండ్రకు మీ రీయగల సొత్తులలో నదియు నొకటి.