పళ్ళు సరిచేయించడం సృష్టిని మార్చడమా?

రామారెడ్డిలో నా దగ్గర చదివే ఒక అమ్మాయి నవ్వు వచ్చినప్పుడల్లా దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంటుంది. పన్నెండేళ్ళ పిల్ల. ఎత్తుపళ్ళు. క్లిప్పులు వేయించమని తల్లికి చెప్పాను. "అల్లాహ్ ఇచ్చిన రూపాన్ని మార్చడం గునాహ్ కాదా మౌల్వీ సాబ్?" అని ఆమె భయపడింది. ఈ సందేహం చాలా ఇళ్ళలో ఉంది.

అందం కోసం పళ్ళ మధ్య సందులు చేయించుకునే స్త్రీలను శపించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న మాట నిజమే. అయితే అందులో 'అందం కోసం' అన్న షరతును మనం మరచిపోరాదు. యుద్ధంలో ముక్కు తెగిన హజ్రత్ అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టించుకుంటే దుర్వాసన వచ్చింది. అప్పుడు బంగారు ముక్కు పెట్టించుకోమని దైవప్రవక్త (స) ఆయనకు చెప్పారు. పురుషులకు బంగారం నిషిద్ధమైనా, అవసరం ఆ అనుమతి తెచ్చింది. శరీరానికో మనసుకో హాని చేసే పుట్టులోపాలను సరిచేయించవచ్చునని 2007లో మలేషియాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ కూడా తీర్మానించింది.

పళ్ళ వంకర రూపానికి సంబంధించిన సమస్య మాత్రమే కాదు. పిల్లలు కింద పడితే ముందుగా విరిగేవి ఎత్తుపళ్ళే. పన్ను మీద పన్ను ఎక్కితే ఆ సందుల్లోకి మిస్వాక్ గానీ బ్రష్షు గానీ సరిగా వెళ్ళదు. పాచి పేరుకుని పళ్ళు పుచ్చుతాయి, చిగుళ్ళు వాస్తాయి. పై పళ్ళూ కింది పళ్ళూ కలవని పిల్లలు నమలడానికి ఇబ్బంది పడతారు. ఖుర్ఆన్ పఠనంలో 'సీన్', 'సాద్' అక్షరాలు పలకడానికి కొందరు ఎంత అవస్థ పడతారో నాకు తెలుసు.

వంశపారంపర్యంతో పాటు, ఏళ్ళ తరబడి వేలు చీకడం, పాలపళ్ళు పుచ్చి ముందే ఊడిపోవడం కూడా దీనికి కారణాలే. "పాలపళ్ళే కదా" అని వదిలేయకండి. ఏడేళ్ళ వయసులో ఒకసారి పళ్ళ డాక్టరుకు చూపించండి. క్లిప్పులు సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్ళు ఉంచుతారు. తీసిన తర్వాత పళ్ళు మళ్ళీ కదలకుండా డాక్టరు ఇచ్చే రిటైనర్ తప్పక పెట్టుకోవాలి.

ఖర్చుకు జంకేవారు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు వెళ్ళి విచారించండి. ఈ చికిత్సకు అక్కడ ప్రత్యేక విభాగమే ఉంది.

పెళ్ళిచూపులు దగ్గరపడ్డాక ఆడపిల్ల పళ్ళను గుర్తు చేసుకోవడం మన అలవాటు. వలీమాకు అప్పు చేసి అయినా వందలమందిని పిలుస్తాం. ఎదిగే వయసులో పిల్ల నోటికి పెట్టే ఖర్చు మాత్రం దుబారా అనిపిస్తుంది. పిల్లలు మన దగ్గర ఉన్న అమానత్. వారి బాధను ధర్మం పేరుతో పెంచకండి.