సవాళ్లు సరే.. మన ప్రశ్నకు జవాబేది?

రియాద్‌లో జూలై ఎండ ఎలా ఉంటుందో ఇక్కడున్నవారికి చెప్పక్కర్లేదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని సౌదీ ప్రభుత్వ నిబంధన. ఆ విరామంలో మా సైటులోని మనవాళ్లు నీడ పట్టున చేరి, అన్నం తిని ఫోన్లు తీస్తారు. 2025 జూలై 8న, మంగళవారం నాడు, అందరి ఫోన్లలోనూ ఒకటే వార్త. హైదరాబాద్ సోమాజిగూడ ప్రెస్‌క్లబ్‌లో ముఖ్యమంత్రి కోసం వేసిన ఖాళీ కుర్చీ!

సంగతి మీకూ తెలిసిందే. జూలై 4న ఎల్బీ స్టేడియం సభలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రతిపక్షాలకు చర్చకు రమ్మని సవాల్ విసిరారు. రైతుల సంక్షేమంపై చర్చకు తాను సిద్ధమంటూ బీఆర్ఎస్ వర్కింగ్ ప్రెసిడెంట్ కేటీఆర్ 8వ తేదీ ఉదయం 11 గంటలకు ప్రెస్‌క్లబ్‌కు రావాలని ప్రతిసవాల్ చేశారు. అన్న రోజున ఆయన వచ్చారు. ముఖ్యమంత్రి ఆ రోజు ఢిల్లీలో ఉన్నారు. చర్చకు వేదిక అసెంబ్లీ అని, ప్రతిపక్ష నేత కేసీఆర్ అక్కడికి రావాలని కాంగ్రెస్ అంది. స్థానిక సంస్థల ఎన్నికలను సెప్టెంబర్ 30లోగా ముగించాలని హైకోర్టు జూన్‌లోనే చెప్పింది కాబట్టి, ఈ సవాళ్లకు ఎన్నికల వేడి కూడా తోడైంది.

మధ్యాహ్నానికల్లా మా వాట్సాప్ గ్రూపులు రెండుగా చీలాయి. ఒకరిది ‘పారిపోయారు’ అనే వాదన. ఇంకొకరిది ‘కెమెరాల కోసం ఆడిన నాటకం’ అనే వాదన. ముప్పై సెకన్ల వీడియోలు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. చర్చే జరగలేదు, కానీ గెలిచిందెవరో అందరూ తేల్చేశారు. ఒకే ఊరి నుంచి వచ్చి, ఒకే గదిలో ఉంటూ, ఒకే గిన్నెలో వండుకునే ఇద్దరు కుర్రాళ్లు ఆ రాత్రి మాట్లాడుకోవడం మానేశారు.

ఆ గొడవంతా పక్కన కూర్చుని విన్న ఒక పెద్దాయన నన్ను అడిగాడు. కోరుట్ల దగ్గరి పల్లె ఆయనది. షట్టరింగ్ పని చేస్తాడు. వచ్చి పద్దెనిమిదేళ్లయింది. ‘సార్, అండ్ల మన గల్ఫోళ్ల ముచ్చట ఏమన్న తీసిండ్రా?’

లేదన్నాను. ఆయన తలూపి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఈ వ్యాసానికి కారణం అదే.

ఈజిప్టు వాళ్ల ఆ రాత్రి

నాయకులు నిజంగానే ఎదురెదురుగా నిలబడి చర్చిస్తే జనం ఎలా స్పందిస్తారో నేను మొదట దగ్గరగా చూసింది మా ఆఫీసులోని ఈజిప్టు మిత్రుల పుణ్యాన. 2012 మే 10. అప్పట్లో సౌదీలో వారాంతపు సెలవులు గురు, శుక్రవారాలు. ఆ గురువారం రాత్రి ఈజిప్టు చరిత్రలోనే మొదటి అధ్యక్ష అభ్యర్థుల టీవీ చర్చ జరిగింది. ఒకవైపు ముబారక్ హయాంలో విదేశాంగ మంత్రిగా పనిచేసిన అమ్రే మూసా, మరోవైపు ముస్లిం బ్రదర్‌హుడ్ నుంచి బయటికొచ్చిన అబ్దెల్ మొనెయిమ్ అబూల్ ఫుతూహ్. నాలుగు గంటలకు పైగా సాగింది. పాత ప్రభుత్వంలో పదవి అనుభవించావు కదా అని ఆయన ఈయన్ని, నీ మూలాలు బ్రదర్‌హుడ్‌లో లేవా అని ఈయన ఆయన్ని నిలదీసుకున్నారు.

సహోద్యోగి గదిలో కూర్చుని నేనూ చూశాను. నా అరబ్బీ అంతంతమాత్రం. మధ్యమధ్య అతను అర్థం చెబుతుంటే విన్నాను. ఎనిమిది మంది ఉన్నారు. ఒక్కరూ లేచి వెళ్లలేదు. శనివారం ఆఫీసులో మళ్లీ అదే గొడవ. మూసా అభిమాని మూసా గెలిచాడన్నాడు. ఫుతూహ్ అభిమాని ఫుతూహ్ గెలిచాడన్నాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. నాలుగు గంటలు చూసి ఎవరి మాట వారిదేనా అని.

తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. తొలి రౌండులో ఫుతూహ్ నాలుగో స్థానంలో, మూసా ఐదో స్థానంలో నిలిచారు. తుది పోరుకు వెళ్లింది ఆ రాత్రి వేదిక మీద లేని ఇద్దరు.. మొహమ్మద్ మోర్సీ, అహ్మద్ షఫీక్. అంటే దేశమంతా నిద్ర మానుకుని చూసిన చర్చ ఆ ఇద్దరిలో ఎవరినీ గెలిపించలేదు.

మరి చర్చ దండగేనా? అదే మాట నా మిత్రుణ్ని అడిగాను. ‘మా నాన్న జీవితంలో ఎప్పుడూ ఒక పెద్ద నాయకుణ్ని ఎవరైనా ప్రశ్నించడం చూడలేదు. నేను చూశాను’ అన్నాడు. చర్చ జరిగిన మర్నాడే, మే 11న, విదేశాల్లోని ఈజిప్షియన్లకు ఓటింగ్ మొదలైంది. అతను రియాద్ నుంచే ఓటు వేశాడు. విన్నది మనసులో ఇంకా పచ్చిగా ఉండగానే వేశాడు.

చర్చ ఏం చేయగలదు, ఏం చేయలేదు

2024లో అమెరికా చర్చలు కూడా మన ఇళ్లలో బాగానే మోగాయి. పిల్లలు అక్కడ, తల్లిదండ్రులు ఇక్కడ ఉన్న కుటుంబాలు సౌదీలో తక్కువేం కాదు. సెప్టెంబర్ 10న ఫిలడెల్ఫియాలో ట్రంప్, కమలా హారిస్ తలపడినప్పుడు ఇక్కడ తెల్లవారుజామున నాలుగు గంటలు. డల్లాస్ నుంచి మా అబ్బాయి ఫోన్ చేసి మరీ లేపాడు. చర్చ ముగిసిన వెంటనే సీఎన్ఎన్ చేసిన సర్వేలో చూసినవారిలో 63 శాతం హారిస్ మెరుగన్నారు. నవంబర్‌లో గెలిచింది ట్రంప్.

దీన్నిబట్టి టీవీ చర్చలతో ఏమీ మారదనుకుంటే అదీ పొరపాటే. అదే ఏడాది జూన్ 27న అట్లాంటాలో బైడెన్ తడబాటు చూశాం కదా. సరిగ్గా 24 రోజులకు ఆయన పోటీ నుంచి తప్పుకున్నారు. ప్రతినిధులు, ప్రకటనలు ఎంతకాలం కప్పిపెట్టినా దాగనిది ఆ గంటన్నరలో బయటపడింది.

రాకుండా ఉన్నా గెలవొచ్చు. మా ఆఫీసులోని ఫిలిప్పీన్స్ వాళ్లు ఆ సంగతి చెబుతారు. 2022 మార్చి 19న వారి ఎన్నికల సంఘమే నిర్వహించిన అధ్యక్ష చర్చకు పది మంది అభ్యర్థుల్లో తొమ్మిది మంది వచ్చారు. రానిది ఒక్క ఫెర్డినాండ్ మార్కోస్ జూనియర్. మేలో ఘనవిజయం ఆయనదే. కాబట్టి ఖాళీ కుర్చీని చూపించి ఇక వారి పని అయిపోయిందని సంబరపడేవారు కాస్త ఆగాలి. రాకపోయినంత మాత్రాన ఓడిపోరు, వచ్చినంత మాత్రాన గెలవరు.

అయితే అక్కడికీ మనకూ ఒక తేడా ఉంది. ఫిలిప్పీన్స్ చర్చను పెట్టింది ఎన్నికల సంఘం. తేదీ, స్థలం, నియమాలు ఒక పార్టీ తేల్చలేదు. ఒకరు రాకపోయినా మిగతావారిని ప్రశ్నలు అడిగారు, వారు జవాబులు చెప్పారు. చర్చ ఆగలేదు.

మన దగ్గర సవాలే ముగింపు

మన దగ్గర సవాల్ విసరడంతోనే పని పూర్తవుతుంది. 2024 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఒక పార్టీ సభల పేరే ‘సిద్ధం’. బహిరంగ చర్చకు సిద్ధమా అని ఎదుటి పార్టీ అడిగింది. ఇద్దరు నేతలూ ఒక వేదిక మీద కూర్చోలేదు. అదే ఏడాది మే 9న సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి మదన్ లోకూర్, ఢిల్లీ హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఏపీ షా, పాత్రికేయుడు ఎన్.రామ్ కలిసి మోదీ, రాహుల్ గాంధీలను చర్చకు ఆహ్వానిస్తూ లేఖ రాశారు. రాహుల్ సరేనన్నారు. బీజేపీ తమ యువ విభాగం ఉపాధ్యక్షుడి పేరు ముందుకు తెచ్చింది. చర్చ జరగకుండానే జూన్ 1న పోలింగ్ ముగిసింది.

అన్ని పార్టీలూ ఏదో ఒకరోజు సవాల్ చేసినవే, ఏదో ఒకరోజు తప్పించుకున్నవే. అధికారంలో ఉన్నవారికి చర్చ నష్టంగా కనిపిస్తుంది, లేనివారికి లాభంగా కనిపిస్తుంది. కుర్చీలు మారితే మాటలూ మారతాయి. అందుకే ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని మనం గదుల్లో కొట్టుకోవడం వృథా అంటాను.

మనకు అసలు నష్టం వేరే ఉంది. ప్రెస్‌క్లబ్‌లో ఆ చర్చ జరిగి ఉంటే, దాని అంశం రైతు. తెలంగాణ పల్లెల నుంచి గల్ఫ్‌కు వచ్చిన మనిషి ఎవరు? బోర్లు ఎండిపోయి, అప్పు పెరిగి విమానం ఎక్కిన రైతే కదా. అంటే అది మన చర్చే. కానీ రెండు పక్షాల మాటల్లోనూ మనం లేం. ఎందుకు లేం?

ఓటు లేదు కాబట్టి. కాగితం మీద ఉంది. 2010లో చట్టం సవరించాక విదేశాల్లోని భారతీయ పౌరులు ఫారం 6ఏ నింపి ఓటరుగా నమోదు కావచ్చు. కానీ ఓటు వేయాలంటే పాస్‌పోర్టు పట్టుకుని స్వగ్రామంలోని పోలింగ్ కేంద్రానికే వెళ్లాలి. మన బదులు మరొకరు ఓటు వేసే వీలు కల్పించే బిల్లును 2018లో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ దాటక ముందే లోక్‌సభ రద్దయి అది మురిగిపోయింది. ఫలితం చూడండి. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశం మొత్తం మీద నమోదైన విదేశీ ఓటర్లు 1,19,374 మంది. వచ్చి ఓటు వేసింది 2,958 మంది. అందులో 2,670 మంది కేరళవారే. మిగతా దేశమంతా కలిపి మూడొందలకు లోపే! ఒక్క సౌదీలోనే పాతిక లక్షలకు పైగా భారతీయులం ఉన్నాం. పక్క టేబుల్ దగ్గర కూర్చునే ఫిలిప్పీన్స్ నర్సు, ఈజిప్టు ఇంజనీరు ఇక్కడి నుంచే ఓటు వేస్తారు. వారి నాయకులకు రియాద్ గుర్తుంటుంది. మన నాయకులకు గుర్తుండాల్సిన అవసరం లేదు.

అలాగని ఏమీ జరగలేదని అనడం న్యాయం కాదు. 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో మరణించిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు ఐదు లక్షల సాయం ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి మొదలైంది. ఇవి ఊరికే రాలేదు. ఏళ్ల తరబడి గల్ఫ్ సంఘాలవారు ఒకే ప్రశ్నను పదేపదే అడిగితే వచ్చాయి. ప్రశ్నకున్న బలం అది.

మనం చేయగలిగింది

సౌదీలో మనం రాజకీయ సభలు పెట్టలేం, పెట్టకూడదు కూడా. ఈ దేశపు చట్టాన్ని గౌరవించాలి. కానీ ఊళ్లో ఉన్న మన కుటుంబాలు, తిరిగి వెళ్లిన మనవాళ్లు చేయగలిగింది చాలా ఉంది. ముఖ్యమంత్రులను, మాజీ ముఖ్యమంత్రులను ఒక వేదిక ఎక్కించడం మన చేతుల్లో లేదు. కానీ రేపు స్థానిక ఎన్నికల్లో మన మండలంలో జడ్పీటీసీకి నిలబడేవారిని గ్రామపంచాయతీ దగ్గరికి పిలవడం సాధ్యమే. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, నిజామాబాద్ అయినా, కడప, కోనసీమ అయినా.. గల్ఫ్ డబ్బుతో ఇళ్లు లేచిన ప్రతి ఊరికీ ఆ హక్కుంది.

నియమాలు నాలుగు చాలు. ఏ పార్టీకీ చెందని ఒక రిటైర్డ్ మాస్టారు ప్రశ్నలు అడగాలి. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే సమయం. రానివారి పేరు చదివి, వారికి వేయాల్సిన ప్రశ్న కూడా చదివి ముందుకు సాగాలి. మొత్తం వీడియో దాచిపెట్టాలి, ముక్కలు కాదు. రెండేళ్ల తర్వాత అదే వీడియో పట్టుకుని అదే మనిషి దగ్గరికి వెళ్లాలి. ఎవరు బాగా మాట్లాడారన్నది ఆ రాత్రికే మరిచిపోతాం. ఏం ఒప్పుకున్నారన్నది మాత్రం చేతిలో ఉంటుంది.

మొన్న శుక్రవారం మా క్యాంపులో ఈ మాటే చెప్పాను. అడగాల్సిన ప్రశ్నలు రాద్దామంటే, మాట్లాడుకోవడం మానేసిన ఆ ఇద్దరు కుర్రాళ్లూ వచ్చి ఒకే మంచం మీద కూర్చున్నారు. ఏజెంట్ల మోసాలు ఒకరు రాయించారు. ప్రమాదంలో చేయి పోయినవాడికి సాయం ఏదని ఇంకొకరు అడిగారు. పార్టీల మీద తేలని పంచాయితీ ప్రశ్నల దగ్గర రాలేదు.

చివరన ఆ కోరుట్ల పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. వచ్చే ఏడాది ఆయన ఇకామా అయిపోతుంది. ఇక చాలనుకుని ఇంటికి వెళ్లిపోతాడట. ‘సచ్చిపోతె ఐదు లక్షలన్నరు, మంచిదే సార్. బతికి ఇంటికొచ్చినోనికి ఏమిస్తరో అడుగుండ్రి’ అన్నాడు.

ఆ ప్రశ్నను కాగితం మీద మొదటి స్థానంలో రాశాం. మీ ఊళ్లో ఓట్లడగడానికి ఎవరొచ్చినా, ఏ కండువాతో వచ్చినా, మీ ఇంట్లోవారి చేత ఈ ఒక్క మాట అడిగించండి. జవాబు చెప్పినా చెప్పకపోయినా ఫోనులో రికార్డు చేయమనండి.