తొడిమ వేరు, తాలు వేరు

ప్రియమైన చెల్లెళ్ళకు,

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడమ్ గారు అడిగినప్పుడు కాస్త తటపటాయించాను. నాకు 23 ఏళ్ళు. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటిదాన్ని నేనే. ఎం.ఎస్సీ. పూర్తయినంత మాత్రాన మీకు నీతులు చెప్పేటంత పెద్దదాన్ని అయిపోలేదు. అందుకని నీతి చెప్పను. నాకు తగిలిన ఒక దెబ్బ, దాని వల్ల నాకు కలిగిన అభిప్రాయం, ఈ రెండే చెబుతాను.

పోయిన ఏడాది ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళాను. ప్రాజెక్టులో ఏం చేశావని అడిగారు. "వి డిస్కస్డ్ అబౌట్ ది సాయిల్ శాంపిల్స్" అని మొదలుపెట్టాను. ఎదురుగా కూర్చున్న ఒకాయన పక్కాయన వైపు చూసి నవ్వారు. "డిస్కస్ తరువాత అబౌట్ ఎందుకమ్మా?" అన్నారు. ఎందుకో నాకు తెలియదు. ఆ తరువాత అడిగినవాటికి జవాబులు తెలుసు. పర్చూరు దగ్గర మా ఊరి నల్లరేగడి నేల గురించి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ గదిలో లేరేమో! అయినా నోరు పెగల్లేదు. నోరు తెరిస్తే ఇంకే తప్పు దొర్లుతుందోనని భయం. ఆ ఉద్యోగం రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒకటే ఆలోచన. ఆ 'అబౌట్' నా నోట్లోకి ఎక్కడి నుంచి వచ్చింది? ఏ టీచరూ నేర్పలేదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు. చివరికి జవాబు చిన్నప్పుడు బట్టీ పట్టిన విభక్తుల్లో దొరికింది. నిన్, నున్, లన్, కూర్చి, గురించి... ద్వితీయా విభక్తి! మనం తెలుగులో "ఆ విషయం గురించి చర్చించాం" అంటాం. ఆ 'గురించి'ని వదిలేస్తే ఏదో వెలితిగా ఉంటుంది. అందుకే ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు దాన్నీ వెంట తీసుకుపోతాం. కానీ డిస్కస్ అనే మాట కడుపులోనే 'గురించి' ఉంది. మళ్ళీ అబౌట్ పెడితే "గురించి గురించి" అన్నట్టే!

ఇది ఒక్క మాటతో పోలేదు. మీరే చూడండి.

గుంటూరుకు చేరాను అంటాం కాబట్టి "రీచ్డ్ టు గుంటూరు" అంటాం. "రీచ్డ్ గుంటూరు" చాలు.
గదిలోకి ప్రవేశించింది అంటాం కాబట్టి "ఎంటర్డ్ ఇన్‌టు ది రూమ్" అంటాం. "ఎంటర్డ్ ది రూమ్" చాలు.
తరగతికి హాజరయ్యాను అంటాం కాబట్టి "అటెండెడ్ టు ది క్లాస్" అంటాం. "అటెండెడ్ ది క్లాస్" చాలు.
ప్రశ్నకు జవాబు చెప్పాను అంటాం కాబట్టి "ఆన్సర్డ్ టు ది క్వశ్చన్" అంటాం. "ఆన్సర్డ్ ది క్వశ్చన్" చాలు.
అమ్మ నాకు చెప్పింది అంటాం కాబట్టి "టోల్డ్ టు మి" అంటాం. "టోల్డ్ మి" చాలు.
అతనితో పెళ్ళయింది అంటాం కాబట్టి "మ్యారీడ్ విత్ హిమ్" అంటాం. "మ్యారీడ్ హిమ్" చాలు.

మన చేత ఈ తప్పు చేయించేది ఇంకొకటి ఉంది. ఇంగ్లీషులో ఒకే మాట నామవాచకంగా ఉన్నప్పుడు ఒక తీరు, క్రియగా ఉన్నప్పుడు ఇంకో తీరు. "ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్" సరైనదే. "ఐ రిక్వెస్టెడ్ ఫర్ లీవ్" తప్పు. "ఎ డిస్కషన్ అబౌట్ ఫీజ్" సరైనదే. "వి డిస్కస్డ్ అబౌట్ ఫీజ్" తప్పు. ఆర్డర్, డిమాండ్, ఆన్సర్ కూడా ఇదే దారి. నామవాచకానికి చేతికర్ర కావాలి, క్రియ తన కాళ్ళ మీద తాను నడుస్తుంది.

అలాగని అన్నిచోట్లా కోసేయకండి. లిజన్‌కి 'టు' ఉండాల్సిందే, వెయిట్‌కి 'ఫర్' ఉండాల్సిందే. "ఎక్స్‌ప్లెయిన్ మి" అనకూడదు, "ఎక్స్‌ప్లెయిన్ టు మి" అనాలి. ఒప్పందం చేసుకుంటే "ఎంటర్ ఇన్‌టు యాన్ అగ్రిమెంట్" అనాలి. నర్సు రోగిని చూసుకుంటే "అటెండ్ టు ది పేషెంట్" అనాలి. కాబట్టి డిక్షనరీలో అర్థం ఒక్కటీ చూసి మూసేయకుండా, కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యం కూడా చదవండి.

ఇక్కడ కొందరు వాదిస్తారు. "అర్థమైతే చాలదా? దేశమంతా అలాగే మాట్లాడుతోంది కదా?" అంటారు. అందులో నిజం ఉంది. డిస్కస్ అబౌట్ అనేది మన ఒక్కరి సొత్తు కాదు. నైజీరియాలోనూ, సింగపూరులోనూ చాలామంది అలాగే అంటారు. ఇంగ్లీషును రెండో భాషగా నేర్చుకున్న చోటల్లా ఇలాంటివి కనిపిస్తాయి. కాబట్టి ఇది తెలివితక్కువతనం కాదని నేను గట్టిగా చెబుతాను. కానీ మన పరీక్ష పేపరు మనతో వాదించదు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షల్లోనూ, బ్యాంకు పరీక్షల్లోనూ తప్పు పట్టుకోమని ఇచ్చే వాక్యాల్లో ఇవే వస్తుంటాయి. మన ఏపీపీఎస్సీ గ్రూప్-1 మెయిన్స్‌లో ఇంగ్లీషు అర్హత పేపరు. అది దాటకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు.

మా అమ్మ మిర్చి సీజనులో తొడిమలు తీసే పనికి వెళ్ళేది. రోజంతా కాయల ఘాటులో కూర్చుని, రాత్రికి మండే చేతులతో అన్నం కలిపేది. ఆ పని మన హాస్టల్లో చాలామంది అమ్మలకు తెలుసు. తొడిమ ఉన్నంత మాత్రాన కాయలో కారం తగ్గదు. కానీ కొనేవాడు ధర తగ్గిస్తాడు. అంతేగాని తొడిమ ఉన్న కాయను తాలుకాయల్లో కలపరు. తొడిమ వేరు, తాలు వేరు. మన ఇంగ్లీషులో ఈ అదనపు మాటలు తొడిమలే. తీసేస్తే పోతాయి. వాటిని చూసి మన చదువునే తాలు అనుకునేవాళ్ళది తప్పు. వాళ్ళు అన్నారని మనమూ అలాగే అనుకుంటే అది అంతకంటే పెద్ద తప్పు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ గారి మాతృభాష మరాఠీ. అందులోనూ మన తెలుగులాగే విభక్తులు పేరు వెనకాలే వస్తాయి. అలాంటి భాష నుంచి వెళ్ళి 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. తరువాత రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షులయ్యారు. పరాయి భాష పుట్టుకతో రాదు, పట్టుదలతో వస్తుంది.

అందుకే నా అభిప్రాయం ఇది. ఇంగ్లీషును తెలుగు మరిచిపోయి నేర్చుకోనక్కరలేదు, తెలుగును పక్కన పెట్టుకునే నేర్చుకోవాలి. తప్పు ఎక్కడ పుట్టిందో తెలిస్తే దిద్దుకోవడం తేలిక. మన స్టడీ అవర్ అయ్యాక 10 నిమిషాలు చాలు. రోజుకొక క్రియను బోర్డు మీద రాయండి. దాని పక్కన తెలుగు వాక్యం, సరైన ఇంగ్లీషు వాక్యం రాయండి. నెల తిరిగేసరికి 30 మాటలవుతాయి. ఒక్క షరతు మాత్రం పెట్టుకోండి. ఎవరు తప్పు మాట్లాడినా ఎవరూ నవ్వకూడదు.

ఆ రోజు నాకు నష్టం చేసింది 'అబౌట్' కాదు చెల్లెళ్ళూ, ఆ తరువాత నా మౌనం. తప్పు పలికితే ఎవరో ఒకరు దిద్దుతారు. అసలు పలకకపోతే దిద్దడానికి ఏముంటుంది? నేను మళ్ళీ ఇంటర్వ్యూలకు వెళుతున్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడు "రీచ్డ్ టు" అని నోరు జారుతుంటుంది. "సారీ సర్, రీచ్డ్" అని దిద్దుకుని, చెప్పాల్సింది పూర్తిగా చెప్పే వస్తున్నాను.

మీరూ అలాగే చేయండి. తొడిమ తీయండి, కాయను మాత్రం పారేయకండి!

మీ అక్క,
పూర్వ విద్యార్థిని