టచ్‌లో ఉందామే!

మాఘమాసంలో ఒక పెళ్ళిలో నా డిగ్రీ స్నేహితురాలు కలిసింది, ఇరవై ఏళ్ళ తర్వాత. వెళ్ళేటప్పుడు "టచ్‌లో ఉందామే" అంది. "తప్పకుండా" అన్నాను. మూడు నెలలైంది. తనూ ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు.

ఇంగ్లీషు వాళ్ళ 'కీప్ ఇన్ టచ్'లో తాకడం ఉంది. 'డ్రాప్ మి ఎ లైన్' అంటే నాలుగు ముక్కలు ఉత్తరం రాయమని. మనం మాత్రం 'టచ్' అన్న మాటొక్కటే తెచ్చుకున్నాం.

మా అమ్మయితే "వస్తూ పోతూ ఉండండి" అనేది. అలా అన్నాక గడప దాటి రావాల్సిందే. రాకపోతే "నల్లపూసైపోయావేమే?" అని నిలదీసేది. 'టచ్‌లో ఉందాం' అంటే నిలదీసేవాళ్ళు లేరు. అందుకే అది మనకంత హాయిగా ఉందేమో!

ఈ ఆదివారం తనకి ఫోన్ చేస్తాను. "ఎప్పుడొస్తావే మా ఇంటికి?" అని అడుగుతాను. మరి మీ నల్లపూస ఎవరు?