సరౌండ్ స్పీకర్లు ఎవరి కోసం?

మా ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టి నాలుగు నెలలైంది. మొదటి నెలంతా అందరం కలిసి సినిమాలు చూశాం. రెండో నెల నుంచి సినిమా మొదలవగానే అమ్మ "మీరు చూడండ్రా, నాకు వంటింట్లో పనుంది" అని లేచెళ్ళిపోవడం మొదలెట్టింది. రాత్రి తొమ్మిదిన్నరకి వంటింట్లో ఏం పనుంటుందో మాకు తట్టలేదు. తట్టలేదు అనేకన్నా పట్టించుకోలేదు అనడం నిజం.

ఒకరోజు గట్టిగా అడిగితే అసలు సంగతి చెప్పింది. "నా చెవి పక్కనే వాన కురుస్తుంది, ఎవరో పరిగెడతారు. ఎదురుగా వాళ్ళు మాట్లాడుకునేది మాత్రం ఒక్క ముక్క అర్థం కాదు. తలనొప్పొస్తోంది నాన్నా."

నాకు రోషం పొడుచుకొచ్చింది. రెండు వారాలు దీనిమీద చదివి, టేపు పెట్టి కొలిచి మరీ బిగించానాయె! రిసీవర్‌తో ఇచ్చిన మైకుని సోఫా మధ్యలో పెట్టి అన్ని స్పీకర్ల లెవెల్సూ సరిచేశాను. నాకు అద్భుతంగా వినిపిస్తోంది. ఎందుకు వినిపించదూ? మధ్య సీటు నాదే కదా! ఆఫీసులో టెస్టింగ్ వాళ్ళు బగ్ పట్టుకొస్తే "నా మెషీన్లో బానే పనిచేస్తోందే" అంటాం చూడండి, ఇంట్లోనూ అదే వెలగబెట్టాను.

ఆ రాత్రి అమ్మ సీట్లో కూర్చుని చూశా. పావుగంటకి మించి కూర్చోలేకపోయా.

కారణం చాలా చిన్న లెక్క. మా హాలు వెడల్పు పదడుగులు. సోఫా వెనక గోడకి ఆనించి ఉంటుంది. సరౌండ్ స్పీకర్లు రెండూ సోఫాకి చెరోపక్క, చెవి ఎత్తులో. ఎడమ స్పీకరు నాకు 4 అడుగుల దూరం, ఎడమ చివర కూర్చునే అమ్మకి 2 అడుగులే. దూరం సగమైతే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. (గదిలో గోడల ప్రతిధ్వని కూడా కలుస్తుంది కాబట్టి అచ్చం అంతే ఉండదనుకోండి.) అంటే నాకు సమంగా ఉన్న ధ్వని ఆవిడకి చెవిలో హోరు. మాటలు వచ్చేది టీవీ కింద ఉన్న సెంటర్ స్పీకరు నుంచి. అది ఆ హోరులో కొట్టుకుపోతోంది.

సినిమా హాల్లో ఈ గొడవ ఎందుకుండదు? అక్కడ పక్క గోడల పొడుగునా, ఎత్తులో, వరసగా స్పీకర్లుంటాయి. ఏ ఒక్కటీ ఎవరి చెవిలోనూ దూరదు. మనం ఆ వరసంతా తీసేసి పక్కకొకటి పెట్టుకుని, దాన్ని తెచ్చి చెవి దగ్గర బిగిస్తాం.

మరుసటి ఆదివారం మూడు పనులు చేశాను. ఒకటి, సోఫాని గోడ నుంచి అడుగున్నర ముందుకి జరిపాను. ఐటీయూ ప్రమాణం ప్రకారం, ఎదురుగా ఉన్న తెర సున్నా డిగ్రీలనుకుంటే సరౌండ్ స్పీకర్లు 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలి. స్పీకర్లు కదపకుండానే మావి 90 నుంచి 110కి వచ్చాయి. రెండు, వాటిని చెవి కన్నా రెండడుగులు పైకి ఎత్తి, అమ్మ వైపు కాకుండా సోఫా అవతలి చివరకి తిప్పాను. ఇప్పుడు అమ్మకి దూరం 3.2 అడుగులు, నాకు 4.7. తేడా 6 డెసిబెల్స్ నుంచి 3.4కి దిగింది. మూడు, మళ్ళీ మైకు పెట్టి కొలిచాక, సరౌండ్ లెవెల్ చేత్తో 2 డెసిబెల్స్ తగ్గించాను. ఖర్చు నాలుగు స్క్రూలు, నాన్నగారి చేత కాసిన్ని చివాట్లు ("సోఫా వెనక తుడిచేదెవరు?").

ఇలా చేస్తే మధ్య సీట్లో మజా తగ్గుతుందంటారు నా స్నేహితులు. తగ్గింది, కాదనను. హెలికాప్టర్ నా వెనకనుంచి దూసుకెళ్ళినప్పుడు ఇదివరకటంత ఉలిక్కిపాటు లేదు. ఒంటరిగా, గదికి తలుపేసుకుని వినేవాళ్ళు మధ్య సీటుకే సర్దుకోవచ్చు, తప్పులేదు. కానీ మన ఇళ్ళల్లో అది హాలు. అక్కడే కూరగాయలు తరుగుతారు, చుట్టాలొస్తే పక్కలేస్తారు. నలుగురు కూర్చునే చోట ఒక్కడి చెవికి కొలతలు తీయడం ఇంజనీరింగ్ కాదు, స్వార్థం. నా ఉద్దేశంలో లెక్క వేయాల్సింది మంచి సీటు నుంచి కాదు, అన్నిటికన్నా చెడ్డ సీటు నుంచి. అక్కడ కూర్చున్న మనిషికి మాట స్పష్టంగా వినపడితే మిగతావాళ్ళకి ఎలాగూ వినపడుతుంది.

మొన్న శనివారం అమ్మ సినిమా చివరిదాకా కూర్చుంది. మధ్యలో ఓ జోక్‌కి మా అందరికన్నా ముందు నవ్వింది. స్పీకర్ల గురించి మాత్రం ఒక్క మాటా అనలేదు. అసలు అవి ఉన్న సంగతే మర్చిపోయినట్టుంది.

మీ ఇంట్లో కూడా ఎవరైనా సినిమా మధ్యలో "పనుంది" అని లేచిపోతున్నారా? అయితే ఈ రాత్రి వాళ్ళ సీట్లో ఓ పావుగంట కూర్చుని చూడండి.