దడి పోయిన పెరడు

ఇరుగుపొరుగుల తగవులలో హద్దు తగవు కడు మొండిది. జానెడు నేల కోసం పాత దడి పీకివేస్తారు; కొలతలు తేలేసరికి ఏళ్లు గడుస్తాయి. గెలిచినవారికి నేల దక్కుతుంది గాని, పెరటిలో తల ఆరబెట్టుకొనే ఇల్లాలికి పోయిన మరుగు తీర్పుతో తిరిగిరాదు.

మరుగు కోరుటకు చట్టం అడ్డుచెప్పదు. 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం 18వ సెక్షనులో, పొరుగువారి మరుగును భంగపరచే కొత్త కిటికీ పెట్టరాదనే ఊరి ఆచారాన్ని ఉదాహరణగా చెప్పినది. అట్టి ఆచారం రుజువైనచోట మరుగు కూడా హక్కే.

అయితే హక్కు వేరు, పంతం వేరు. పంతంతో లేపిన ఎత్తుగోడ చూపుతోపాటు గాలిని, వెలుతురును, మాటను కూడా ఆపివేస్తుంది. తన హద్దుకు మూడడుగులు లోపలగా గోరింట కంచె నాటుకొన్నవాడు తన నేలమీద నిలబడే రెండువైపులా కత్తిరించుకొనగలడు. మరల తగవుకు తావుండదు. కత్తిరించినకొద్దీ గోరింట గుబురుకడుతుంది. అది ఎదిగేవరకు తాటాకు దడి చాలు. ఆషాఢం వచ్చినప్పుడు ఆ ఆకు పొరుగింటి పిల్లల చేతులలోనూ పండుతుంది.

హద్దు తేలినవారు గోడకు ఇటుకలు తోలించుటకు ముందు, రెండు వానకాలాలు గోరింటకు ఇచ్చి చూడడం మేలు.